శెనక్కాయ ఆకు ఎండకు ఎందుకు ముడుచుకుంటుంది?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. ఎర్రనేలలో వేరుశనగ వేశాం, అంతా వర్షాధారమే. జులై మొదట్లో విత్తాం, ఇప్పుడు పైరుకు 40 రోజులు. వాన పడి మూడు వారాలు దాటింది. పొద్దున పది దాటితే చాలు ఆకులన్నీ పైకి ముడుచుకుపోయి సాళ్ల మధ్య నేల కనపడుతోంది, సాయంత్రానికి మళ్లీ విప్పుకుంటున్నాయి. మా నాయన చేను పోయిందనే అంటున్నాడు. మందుల షాపాయన ఏదో టానిక్ ఇస్తాడట, కొడితే ఆకు విచ్చుకుంటుందట. నేను డిగ్రీలో బోటనీ చదువుతున్నాను. ఆకు ఎండను పట్టుకుని ఆహారం తయారు చేస్తుందని కదా మాకు చెప్పింది, మరి ఇంత ఎండ పెట్టుకుని ఆకు తప్పించుకుంటోంది ఏంటి? కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయినట్టేనా? టానిక్ కొట్టమంటారా, వద్దంటారా? (ఒక విద్యార్థిని)

సమాధానం:

టానిక్ సంగతి ముందు తేల్చేద్దాం, షాపాయన రేపటి దాకా ఆగడు కదా. వద్దు. అది పని చేస్తుందా చేయదా అనే దాకా కూడా పోనక్కర్లేదమ్మా, ఈ ఎండలో ఆకును విప్పి పరచాలనుకోవడమే పైరుకు చేటు. నేలలో నీళ్లు లేనప్పుడు మధ్యాహ్నం ఆకు ముడుచుకుని ఉండటమే దానికి మంచిది. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదువు, నువ్వు బోటనీ విద్యార్థివి కాబట్టి కాస్త లోపలికే వెళ్తాను.

ఆకు తిండి తయారు చేసుకోవాలంటే కార్బన్ డయాక్సైడ్ కావాలి, అది వచ్చేది పత్రరంధ్రాల నుంచి. వేరుశనగకు ఇవి ఆకు పైనా ఉంటాయి, అడుగునా ఉంటాయి. చిక్కేమిటంటే లోపలి నీటి ఆవిరి బయటికి పోయే దారి కూడా అదే. గాలిలో పదివేల అణువులకు కార్బన్ డయాక్సైడ్ దాదాపు నాలుగే ఉంటాయి, ఆకు లోపల చూస్తే గాలి తడితో నిండిపోయి ఉంటుంది. అందుకని ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు లోపలికి రావడానికి వందల కొద్దీ నీటి అణువులు బయటికి పోతాయి. వానలు సరిగ్గా ఉన్నప్పుడు మొక్కకు ఈ బేరంతో ఇబ్బంది లేదు. నేలలో పదును, అంటే తడి, తగ్గాక మాత్రం అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది పత్రరంధ్రానికి రెండు వైపులా ఉండే రక్షక కణాలను తాకితే వాటిలోంచి పొటాషియం బయటికి వెళ్లిపోతుంది, దాని వెనకే నీళ్లూ పోతాయి, కణాలు మెత్తబడి రంధ్రం మూసుకుంటుంది. ఆకు వాడినట్టు మన కంటికి కనపడక ముందే ఇది చాలావరకు అయిపోయి ఉంటుంది.

ఇంతవరకు నీ పుస్తకంలోనూ ఉండే ఉంటుంది. నీ ప్రశ్నకు అసలు జవాబు దీని తర్వాతే ఉంది. రంధ్రాలు మూసుకుంటే నీళ్ల ఖర్చు తగ్గింది, బాగానే ఉంది, కానీ ఎండ ఆగుతుందా? పత్రహరితానికి స్విచ్ లేదు. వెలుతురు పడితే శక్తిని పట్టుకుంటూనే ఉంటుంది, లోపల వాడుకోవడానికి కార్బన్ డయాక్సైడ్ ఉన్నా లేకపోయినా. మీ వైపు బోర్లు ఎండిపోవడం చూసే ఉంటావు, నీళ్లు లేని బోరులో మోటారు ఆడుతూ ఉంటే ఏమవుతుంది? కాయిల్ కాలిపోతుంది. ఆకులో జరిగేదీ అలాంటిదే. వాడకం లేని శక్తి పోయి ఆక్సిజన్ మీద పడుతుంది, ఆక్సిజన్ ఘాటైన రూపాల్లోకి మారి చుట్టూ ఉన్న కొవ్వు పొరల్నీ ప్రోటీన్లనీ కొరికేస్తుంది. అందులో మొదట దెబ్బ తినేది వెలుతురును వాడుకునే యంత్రాంగంలో ఒక భాగమైన ఫోటోసిస్టమ్-2లో ఉండే డీ1 అనే ప్రోటీన్.

ఇంకో మాట. నీళ్లు పుష్కలంగా ఉన్న రోజున కూడా మిట్టమధ్యాహ్నం ఎండలో పడే వెలుతురులో సగం కూడా వేరుశనగ ఆకు వాడుకోలేదు. ఎండ ఎంత ఎక్కువైతే అంత తిండి అనేది ఒక స్థాయి వరకే నిజం, ఆపైన గీత చదునైపోతుంది. మీ ప్రాక్టికల్ రికార్డులో ఆ గ్రాఫ్ ఉండే ఉంటుంది, మళ్లీ ఒకసారి చూడు. బెట్టలో, అంటే వాన లేక నేల ఎండినప్పుడు, ఆ చదునైన గీత ఇంకా కిందికి దిగిపోతుంది. కాబట్టి ఇప్పుడు మీ చేలో ఆకుకు వెలుతురు కొరత ఏమీ లేదు, ఉన్న వెలుతురును ఎలా వదిలించుకోవాలన్నదే దాని బాధ.

వదిలించుకోవడానికి అది చేసే మొదటి పని నువ్వు రోజూ చూస్తున్నదే. వేరుశనగకు ఒక్కో ఆకులో నాలుగు చిట్టి ఆకులు ఉంటాయి కదా, ఒక్కోదాని మొదట్లో కొంచెం ఉబ్బినట్టు చిన్న కీలు ఉంటుంది, దాన్ని పల్వినస్ అంటారు. చేతి లెన్సు ఉంటే పట్టి చూడు, లేకపోయినా గోటితో తడిమితే తెలుస్తుంది. ఆ కీలులో ఒక వైపు కణాల నుంచి పొటాషియం, నీళ్లు జరిగిపోతే ఆ వైపు సడలుతుంది, రెండో వైపు బిగుస్తుంది, చిట్టి ఆకు పైకి లేస్తుంది. రక్షక కణాల్లో జరిగిందీ ఇదే, ఇక్కడ కాస్త పెద్ద ఎత్తున జరుగుతోంది అంతే. చిక్కుడులో చేసిన పరిశీలనల్లో వెలుతురు ఆకు మీద పడటం కన్నా ఈ కీలు మీద పడటమే ముఖ్యమని కూడా తేలింది.

పైకి లేస్తే ఎంత కలిసొస్తుందో లెక్క వేసుకో. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చదునుగా పరుచుకున్న ఆకు మీద ఎండ పూర్తిగా పడుతుంది. అదే ఆకు 60 డిగ్రీలు లేస్తే నేరుగా పడే ఎండ సగమవుతుంది, 80 డిగ్రీలు లేస్తే ఆరో వంతుకు వస్తుంది. మీ ఊరు ఉన్నది భూమధ్యరేఖకు దాదాపు పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తరాన, ఆగస్టు రెండో వారం ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మీ నెత్తి మీదే ఉంటాడు. అంటే మబ్బు లేని ఆగస్టు మధ్యాహ్నం నిటారుగా నిలబడ్డ ఆకుకు ఇంతకన్నా మంచి వాలు లేదు. పైగా రంధ్రాలు మూసుకున్న ఆకుకు చెమట పట్టి చల్లబడే దారి ఉండదు, చదునుగా ఉంటే గాలి కన్నా వేడెక్కిపోతుంది. ముడుచుకోవడం వల్ల ఆ వేడి కూడా తగ్గుతుంది.

ఇది ఊహ కాదు, తేల్చి చూశారు. 1984లో లడ్‌లో, బ్యోర్క్‌మన్ అనే శాస్త్రవేత్తలు సిరాట్రో అనే పశుగ్రాసపు తీగ మీద పని చేశారు, అదీ చిక్కుడు జాతిదే, బెట్టలో ఆకులు ఇలాగే తిప్పుకుంటుంది. కొన్ని ఆకుల్ని కదలకుండా చదునుగా పట్టి ఉంచారు, మిగతావాటిని వాటి ఇష్టానికి వదిలేశారు. నీళ్లు తక్కువైనప్పుడు పట్టి ఉంచిన ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగం ఎక్కువ వెలుతురుకూ వేడికీ దెబ్బతింది, తిరగగలిగిన ఆకులు చాలావరకు తప్పించుకున్నాయి. షాపాయన టానిక్ నిజంగానే ఆకును విప్పి పరిచిందనుకో, ఆ పట్టి ఉంచిన ఆకుల గతే మీ చేనుకూ పడుతుంది.

ఎంత ముడుచుకున్నా వెలుతురు కొంత పడుతూనే ఉంటుంది. దానికి లోపల ఇంకో ఏర్పాటు ఉంది, నాకు మొత్తం కథలో ఇదే అన్నిటికన్నా ఇష్టం. ఆకుపచ్చ వెనక దాక్కుని కొన్ని పసుపు వర్ణకాలు ఉంటాయి, వాటిలో వయొలాజాంథిన్ ఒకటి. పత్రహరితం ఉండే హరితరేణువు లోపలి థైలకాయిడ్ సంచుల్లో ప్రోటాన్లు పోగుపడి ఆమ్లత పెరిగిందంటే, అంటే వచ్చే శక్తి ఎక్కువై పోయే దారి తక్కువైందంటే, ఒక ఎంజైము పనిలోకి దిగి వయొలాజాంథిన్‌ను జియాజాంథిన్‌గా మార్చేస్తుంది. నిమిషాల్లో జరిగిపోతుంది ఇది. ఈ జియాజాంథిన్ పోగయితే పత్రహరితం పట్టిన శక్తిలో పెద్ద భాగం రసాయన చర్య దాకా పోకుండా అక్కడికక్కడే వేడిగా మారి వెళ్లిపోతుంది. 1987లో బార్బరా డెమ్మిగ్, ఆమె సహచరులు జియాజాంథిన్‌కూ ఇలా శక్తి వేడిగా పోవడానికీ ఉన్న ముడిని చూపించారు. సాయంత్రం ఎండ తగ్గితే జియాజాంథిన్ మళ్లీ వయొలాజాంథిన్ అయిపోతుంది. మొక్కజొన్న గింజకు పసుపునిచ్చే వర్ణకాల్లోనూ, మన కంటి రెటీనా మధ్యలో ఉండే పసుపు మచ్చలోనూ ఉండేది ఇదే జియాజాంథిన్, చూశావా, ఎండ దెబ్బ అంటే అందరికీ ఒకే మందు. బెట్ట చాలా రోజులు సాగితే మాత్రం ఇది రాత్రి కూడా పూర్తిగా వెనక్కి పోదు, అందుకే ముదిరిన బెట్టలో ఆకు పొద్దున్నే కూడా మందకొడిగా పని చేస్తుంది.

అక్కడితో ఆగదు. కణంలో హరితరేణువులు పక్క గోడల వైపు జరిగి ఒకదాని వెనక ఒకటి నీడలో నిలబడతాయి. కొంత శక్తి కాంతిశ్వాసక్రియలో, అంటే కార్బన్ డయాక్సైడ్ బదులు ఆక్సిజన్‌ను పట్టుకునే చర్యలో, ఖర్చవుతుంది, పరీక్షలో దాన్ని దండగ ఖర్చు అని రాయిస్తారు గానీ బెట్టలో ఆ దండగే ఒక విధంగా కాపాడుతుంది, ఎలక్ట్రాన్లకు పోవడానికి ఒక దారి దొరుకుతుంది. ఆక్సిజన్ మీద పడ్డ ఎలక్ట్రాన్లను విటమిన్ సి సాయంతో మళ్లీ నీళ్లుగా మార్చేసే చక్రం ఒకటి ఉంది, జపాన్ శాస్త్రవేత్త కోజి అసాడా దానికి నీరు-నీరు చక్రం అని పేరు పెట్టాడు. ఇన్ని చేసినా డీ1 ప్రోటీన్ ఎంతో కొంత పాడవుతూనే ఉంటుంది, పాడైన ముక్కను తీసేసి కొత్తది పెట్టే పని ఆకు ఆపదు. పాడయ్యే వేగం బాగుచేసే వేగాన్ని దాటినప్పుడే ఆకు నిజంగా నష్టపోతుంది.

అయితే మీ నాయన మాట కొట్టిపారేయకు. ఈ కాపుదల ఊరికే రాదు. ముడుచుకున్నంతసేపు తిండి తయారీ బాగా పడిపోతుంది, పొద్దున ఆకు విప్పుకున్న ఆ కొద్ది గంటలే పైరుకు పని గంటలు. కొమ్మలు సాగవు, కొత్త ఆకు రాదు, పూత తగ్గుతుంది. ఆకు చేసేదల్లా వాన పడ్డ రోజున మళ్లీ పని మొదలుపెట్టగలిగేలా యంత్రాన్ని కాపాడుకోవడం, దిగుబడికి మాత్రం వానో తడో రావాల్సిందే.

మరి చేను పోయిందా ఉందా ఎలా తెలుసుకోవడం? మధ్యాహ్నం చూసి చెప్పకూడదు. పొద్దున ఏడు ఏడున్నరకు చేలోకి వెళ్లు. మరీ చీకటితో వెళ్లకు, వేరుశనగ ఆకులు రాత్రి కూడా ముడుచుకునే ఉంటాయి, అది దాని నిద్ర, బెట్టకూ దానికీ సంబంధం లేదు, టార్చి లైటు వేసి చూసి కంగారు పడతావు. ఎండ పడి కాస్త సేపయ్యాక కొస ఆకులు విప్పుకుని చదునుగా ఉన్నాయా, వేళ్ల మధ్య పట్టుకుంటే బిగువుగా ఉన్నాయా చూడు. ఉంటే రాత్రి వేర్లు ఆకుకు నీళ్లు అందించగలుగుతున్నాయన్నమాట, చేను బతికే ఉంది. పొద్దున ఏడుకు కూడా విప్పుకోకపోయినా, కాడతో సహా వేలాడుతున్నా, కింది ఆకులు పండి రాలుతున్నా అప్పుడు నిజంగా టెన్షన్ పడాలి. మధ్యాహ్నం కూడా ఒక తేడా కనిపెట్టొచ్చు: కాపాడుకునే ఆకు పైకి లేచి నిటారుగా ఉంటుంది, ఓడిపోయిన ఆకు కిందికి వేలాడుతుంది.

ఇంకొకటి తప్పకుండా చూడాలి. ముడుచుకున్న ఆకుల్లో కొన్నిటిని వేళ్లతో మెల్లగా విడదీయి. సులభంగా విడిపోతే బెట్టే. అతుక్కుని ఉండి, లాగితే మధ్యలో సన్నటి పట్టు దారాలు సాగి, లోపల చిన్న పురుగు, ఆకు మీద గోధుమ రంగు బొబ్బలు కనిపిస్తే అది ఆకుముడత పురుగు. వానలు ఎగ్గొట్టినప్పుడే ఇది పెచ్చుమీరుతుంది కాబట్టి రెండూ ఒకే చేలో ఉండొచ్చు, బెట్టే అనుకుని ఊరుకుంటే ఇది తినేస్తుంది. సాయంత్రం చేనంతా విప్పుకున్నాక కూడా విప్పుకోని ఆకులు ఎక్కడున్నాయో చూడు, తొందరగా దొరికిపోతుంది. అలాగే చుట్టూ అంతా బాగుండి అక్కడక్కడ ఒక్కో మొక్క మాత్రమే వాడితే పీకి వేరు చూడు, వేరుపురుగో కుళ్లో ఉంటుంది. ఇలాంటివి కనిపిస్తే మొక్కతో సహా తీసుకెళ్లి మీ ఊరి వ్యవసాయ సహాయకుడికి చూపించండి, దానికి వేరే మందులున్నాయి.

యూరియా ద్రావణం కొట్టమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. లీటరు నీటికి 20 గ్రాములు, అంటే 2 శాతం, బెట్ట నుంచి తేరుకోవడానికి వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేదే, అందులో మోసం లేదు. కానీ అది పోషకం, నీళ్లకు బదులు కాదు. నాలుగు చినుకులు పడి పదును వచ్చాక కొడితే తేరుకోవడానికి పనికొస్తుంది. మధ్యాహ్నం ఎండలో, ముడుచుకున్న ఆకు మీద మాత్రం ఏదీ కొట్టకండి.

ఇప్పుడు పైరు వయసు మాట. 40 రోజులంటే పూత మీద ఉండి ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగడం మొదలయ్యే దశ. నీ ఉత్తరంలో నాకు కాస్త ఊరటనిచ్చింది కూడా అదే, దిగులు పెట్టిందీ అదే. ఊరట ఎందుకంటే తొలి దశలో, పూత ముమ్మరం కాకముందు వచ్చే ఓ మోస్తరు బెట్టను వేరుశనగ బాగానే తట్టుకుంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో 1980లలో చేసిన ప్రయోగాల్లో తొలి దశలో నీళ్లు ఆపి తర్వాత బాగా ఇస్తే దిగుబడి తగ్గకపోగా పెరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి, తడి అందాక పూత ఒక్కసారిగా వచ్చి కాయ ఒకేలా ఊరుతుంది. దిగులు ఎందుకంటే ఇక్కడి నుంచి లెక్క మారిపోతుంది. ఊడ దిగేటప్పుడు పైనేల గట్టిపడి ఉంటే లోపలికి దిగలేదు, ఎర్రనేల ఎండితే ఎంత బిగుస్తుందో నేను నీకు చెప్పాలా. దిగిన ఊడకు కూడా చుట్టూ తడి లేకపోతే కాయకు కాల్షియం అందదు. ఆ పని ఆకు ఎంత తెలివిగా ముడుచుకున్నా జరగదు.

అందుకని పంట కుంటలోనో, పక్క చేను వాళ్ల బోరులోనో ఒక్క తడికి సరిపడా నీళ్లు దొరికే వీలుంటే ఆ టానిక్ డబ్బులు దానికి పెట్టమని మీ నాయనకు చెప్పు. ఇప్పటి నుంచి కాయ ఊరే దాకా ఏ తడి అయినా విలువైనదే, స్ప్రింక్లర్లు అద్దెకు దొరికితే నీళ్లు ఇంకొంచెం దూరం వస్తాయి. సాళ్ల మధ్య మట్టిని గీరే గుంటక తోలి పైమట్టి గుల్ల చేస్తే కింది పదును కొన్నాళ్లు నిలుస్తుంది, కానీ 45 రోజులు దాటాక, ఊడలు దిగుతున్న చేలో గుంటక తోలకూడదు, ఊడలు తెగిపోతాయి. మీకు ఇంకా నాలుగైదు రోజులే టైముంది. కలుపు ఉంటే మాత్రం వెంటనే చేత్తో తీయించండి, ఉన్న కాస్త పదును అదే తాగేస్తోంది.

నీకు చదువు పనికి ఒకటి చెప్తాను, కావాలంటే చెయ్యి. చేను గట్టు పక్క రెండు మొక్కలు చాలు. పొద్దున ఆకులు విప్పుకుని ఉన్నప్పుడు ఒక మొక్కకు నాలుగైదు ఆకుల్ని సన్నటి పుల్లలూ దారమూ పెట్టి లేవకుండా చదునుగా కట్టు, కాడ నలగకూడదు. పక్క మొక్కను ముట్టుకోకు. మధ్యాహ్నం రెండింటి ఆకులూ చేతి వెనక వైపు ఆనించి చూడు, కట్టిన ఆకు వేడి ఎక్కువ ఉందో లేదో. బెట్ట అలాగే సాగితే కొన్ని రోజుల్లో రంగులో తేడా రావచ్చు. మీ నాయనను కూడా పిలిచి చూపించు, నా ఉత్తరం చదివి వినిపించడం కన్నా అది తొందరగా ఎక్కుతుంది.

వాన పడితే మర్నాడే ఆకు మునుపట్లా ఉంటుందనుకోకు. రంధ్రాలు పూర్తిగా తెరుచుకోవడానికి, పాడైన ప్రోటీన్లు మార్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ లోపల ఇంకేదో కొట్టాలని తొందరపడొద్దు. వాన పడ్డ ఆ పదునులోనే, కాయకు కాల్షియం అందించే జిప్సం మాత్రం ఎకరాకు 200 కిలోలు మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి, ఇప్పటిదాకా వేసి ఉండకపోతే. పొడి నేలలో ముందే చల్లేస్తే లాభం లేదు, బస్తాలు తెచ్చి ఇంట్లో పెట్టుకుని వాన కోసం చూడండి.